ఉత్తరపు వరుస

రాజమండ్రి,
జనవరి 23.

అత్తయ్యకు ఉమ నమస్కారాలు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. వాట్సాప్ పెడితే నువ్వు చూడవు. అందుకని ఎన్నో ఏళ్ళ తర్వాత పోస్టాఫీసుకు వెళ్ళి కవర్లు కొన్నాను. అక్కడి గుమాస్తా నన్ను వింతగా చూశాడు.

చీరల కొట్టు మానేశాను. పదకొండేళ్ళు నిలబడి మడతలు విప్పడం, మళ్ళీ మడతలు పెట్టడం. మోకాళ్ళు పోతున్నాయి. శ్యాంబాబు గారని ఇక్కడ వెంచర్లు వేస్తారు, ఆయన ఆఫీసులో ఏజెంటుగా చేరాను. చాలా మర్యాదస్తులు. ఎప్పుడూ గొంతు పెంచరు. ముప్ఫై రెండేళ్ళ నన్ను కూడా "ఉమాశ్రీ గారూ" అనే పిలుస్తారు. రోజూ తొమ్మిదింటికి మీటింగ్. అందరం అద్దం ముందు నిలబడి నవ్వడం ప్రాక్టీసు చెయ్యాలి. "స్థలం తర్వాతండి, ముందు మన యాటిట్యూడ్ అమ్ముడుపోవాలి" అంటారాయన.

నవ్వడం వచ్చింది గానీ అమ్మడం రాలేదు. నెలలో పద్దెనిమిది మందిని సైట్‌కు తీసుకెళ్ళాను. అందరూ నీళ్ళ బాటిల్ తాగి, ఆలోచించి చెప్తామని వెళ్ళిపోయారు.

నువ్వు ఇరవయ్యారేళ్ళు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట బల్ల వేసుకుని దస్తావేజులు రాశావు. మంచి ఏజెంట్లు, చెడ్డ ఏజెంట్లు అందరూ నీ ఎదుటే కూర్చుని ఉంటారు. మంచివాళ్ళు ఏం చేసేవారు? నాకు రాయి.

నీ ఉమ.


పాలకొల్లు,
జనవరి 29.

ఉమకు ఆశీస్సులు.

నీ అక్షరాలు పెద్దవిగా ఉన్నాయి, సంతోషం. అద్దం ముందు నవ్వడం గురించి నాకేమీ తెలియదు.

భీమవరం నుంచి ఒక రాజుగారు వచ్చేవారు. నా బల్ల దగ్గర కొనేవాళ్ళను కూర్చోబెట్టి, నేను కలం తీసేలోపల చెప్పేవారు. "ఈ స్థలానికి వీధిపోటు ఉందండి. వర్షాకాలం ముందు వైపు మోకాలి లోతు నీరు నిలుస్తుందండి. సరే అనుకుంటేనే రాయించుకోండి." కొందరు లేచి వెళ్ళిపోయేవారు. వెళ్ళినవాళ్ళే ఆర్నెల్ల తర్వాత తమ తోడల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి ఆయన దగ్గరే కొనేవారు. లోపం ముందుగా చెప్పిన మనిషి తర్వాత ఏం చెప్పినా వింటారు.

ఇంకో సంగతి. ఆయన ఏ స్థలమైనా మొదట ఒక్కరే వెళ్ళి కాలినడకన తిరిగేవారు. వాన పడ్డాక మళ్ళీ ఒకసారి. ఆ తర్వాతే ఎవరికైనా చూపించేవారు. ఫోన్ చేసినవాళ్ళకు ఆ రోజే తిరిగి చేసేవారు, కొనని వాళ్ళకు కూడా. ఎవరితో ఏం చెప్పారో చిన్న పుస్తకంలో రాసుకునేవారు, రేపు ఇంకో మాట చెప్పకుండా ఉండటానికి. రిజిస్ట్రేషన్ అయిపోయాక కొన్నవాణ్ణి మర్చిపోయే ఏజెంటును నేను చాలామందిని చూశాను. ఈయన మర్చిపోయేవారు కాదు.

ఇవి చెయ్యి. నీకు బుద్ధి ఉంది, ఓపిక ఉంది. గొప్ప కోసం మాత్రం తొందరపడకు.

అత్తయ్య.


రాజమండ్రి,
మార్చి 18.

అత్తయ్యా,

నీ రాజుగారికి నా దణ్ణాలు. ఫిబ్రవరిలో మూడు, ఈ నెల ఇప్పటికే నాలుగు ప్లాట్లు!

బుల్లియ్య గారని ఒకాయన వచ్చారు. నరసాపురం రేవులో ముప్ఫయ్యేళ్ళు పంటు నడిపారట, మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ గోదావరి దాటించే పంటు. కూతురు ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. ఆ అమ్మాయికి దగ్గరగా చిన్న ఇల్లు కట్టుకుందామని వచ్చారు, భార్య వెంకటదుర్గ గారితో. ఆయన నచ్చిందన్న స్థలం చూసి నేనే వద్దన్నాను. "పక్కనే మురుగు కాలవండి, దోమలతో పడలేరు" అన్నాను. ఆయన, "ఆయ్, అయితే మీరు చెప్పిందే కొంటామండి. ఎన్నాళ్ళయినా పర్లేదు" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "బతుకంతా కాళ్ళ కింద ఊగుతూనే ఉందండి. కదలని చోటు ఒకటి చూపించండి చాలు."

ఇది శ్యాంబాబు గారికి తెలిసింది. కోప్పడతారనుకున్నాను. అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. తర్వాత గదిలోకి పిలిచి, కోరుకొండ రోడ్డులో కొత్త వెంచర్‌లో ఉత్తరపు వరుస మొత్తం నాకిచ్చారు. తొమ్మిది ప్లాట్లు. "ఇవి వేరేవాళ్ళకు ఇస్తే పోవండి. మీరు చెబితే నమ్ముతారు" అన్నారు.

ఆదివారం ఒక్కదాన్నే వెళ్ళి నడిచాను. తూర్పున కొండ మీద నరసింహస్వామి గుడి కనిపిస్తుంది, గాలి బాగుంది. కానీ అత్తయ్యా, ఆ వరుసలో హద్దు రాళ్ళు పాతి రెండు నెలలే అయింది, అప్పుడే పక్కకు ఒరిగాయి. అన్నీ ఒకే వైపుకి. పక్క పొలంలో పోతురాజు అనే ఆయన గొర్రెలు మేపుకుంటున్నాడు. గొర్రెలు ఆ వరుసలోకి వెళ్ళబోతే గట్టిగా అదిలించి వెనక్కి తోలాడు. గడ్డి ఉంది కదా, ఎందుకని అడిగితే, "ఊరికేనండి" అని వెళ్ళిపోయాడు.

శ్యాంబాబు గారిని అడిగాను. దున్నిన నేల కదండి, సర్దుకుంటుంది అన్నారు. సాయంత్రానికల్లా రాళ్ళన్నీ సిమెంటు వేసి నిలబెట్టించారు.

నీకేమనిపిస్తోంది?

ఉమ.


పాలకొల్లు,
మార్చి 22.

ఉమా,

దున్నిన నేలలో రాయి ఒరిగితే ఒకటి అటు, ఒకటి ఇటు ఒరుగుతుంది. అన్నీ ఒకే వైపు ఎందుకు ఒరుగుతాయి?

అమ్మేవాణ్ణి అడిగావు. అమ్మడంతో సంబంధం లేని మనిషిని అడుగు. ఆ గొర్రెలాయనను మళ్ళీ కలుసుకో. "ఊరికేనండి" అన్నవాడికే ఎక్కువ తెలిసి ఉంటుంది. ఒక వాన పడేదాకా ఆ వరుస ఎవరికీ చూపించకు. ఆ పంటు ఆయనకు అసలే వద్దు.

వెంటనే జవాబు రాయి.

అత్తయ్య.


రాజమండ్రి,
మే 26.

ప్రియమైన అత్తయ్యకు,

ఆలస్యానికి క్షమించు. ఊపిరి సలపనంత పని. ఏప్రిల్‌లో ఆఫీసు మొత్తంలో నేనే ఫస్ట్! స్టేజి మీద శాలువా కప్పి, స్కూటీ తాళాలు చేతిలో పెట్టారు. నాతోపాటు చేరినవాళ్ళు ఇంకా బస్టాండులో కరపత్రాలు పంచుతున్నారు.

ఇప్పుడు కొత్తగా చేరిన ఆరుగురికి నేనే ట్రైనింగ్ ఇస్తున్నాను. నువ్వు చెప్పినవన్నీ వాళ్ళకు నేర్పుతున్నాను: తిరిగి ఫోన్ చెయ్యడం, పుస్తకంలో రాసుకోవడం, లోపం ముందే చెప్పడం. శ్యాంబాబు గారు వాటిని బోర్డు మీద రాయించి గోడకు తగిలించారు. ఒక్కటి మాత్రం మార్చారు. "చిన్న లోపం ముందే చెప్పండి" అని రాయించారు. నిజమే కదా, ప్రతిదానికీ కస్టమర్‌ను భయపెడితే ఎవరికి లాభం? అనుమానంతో చూస్తే ఏ నేలలోనైనా ఏదో ఒకటి కనిపిస్తుంది. నీ తరం వాళ్ళు ప్రతిదీ అలాగే చూస్తారు, అది మీ తప్పు కాదు.

బుల్లియ్య గారి రిజిస్ట్రేషన్ ఏప్రిల్ 24న అయిపోయింది. పునాదులు కూడా వేసేశారు. శ్రావణంలో గృహప్రవేశం. వెంకటదుర్గ గారు నన్ను సొంత కూతురిలా చూస్తారు. వెళ్ళినప్పుడల్లా పులస చేప ఎప్పుడు దొరుకుతుందా, నాకు ఎప్పుడు వండిపెడదామా అనే మాట. మేం తినమండీ అంటే, అయితే పనసపొట్టు చేస్తానంటారు.

నీకు ఉప్పాడ చీర పంపుతున్నాను. నెమలిపింఛం రంగు. కట్టుకుని ఫోటో తీయించుకో.

నీ ఉమాశ్రీ.


పాలకొల్లు,
జూన్ 1.

ఉమా,

నాలుగు పేజీలు రాశావు. అందులో రాళ్ళ మాట లేదు. గొర్రెలాయన మాట లేదు. బుల్లియ్య గారు ఏ వరుసలో కొన్నారో కూడా లేదు. నేను అడిగినవి ఆ మూడే.

చీర అందింది. బీరువాలో పెట్టాను. కట్టుకోలేను. ఎందుకో ఇప్పుడు చెబుతాను, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఈ ఊళ్ళోనే ఒక మాస్టారు రిటైరయ్యే ముందు ఉప్పాడ ఒడ్డున స్థలం కొనుక్కున్నారు. అమ్మించిన ఏజెంటు పాత దస్తావేజు తెచ్చి నా ముందు పెట్టి, "ఇందులో ఉన్న హద్దులే దించెయ్యండమ్మా" అన్నాడు. తూర్పున పంచాయతీ రోడ్డు అని ఉంది. ఆ రోడ్డు అంతకుముందు వానల్లోనే సముద్రంలో కలిసిపోయిందని నాకు తెలుసు. ఏజెంటే వేరేవాళ్ళతో నవ్వుతూ చెబుతుంటే విన్నాను. నా పని రాయడమే కదా అనుకున్నాను. తూర్పున పంచాయతీ రోడ్డు అని రాశాను. నా అక్షరం ముత్యాల్లా ఉందని మాస్టారు మెచ్చుకున్నారు.

రెండేళ్ళలో స్థలం మొత్తం పోయింది. ఆయన తర్వాత ఏటా ఒకసారి వచ్చి నా బల్ల ఎదురుగా బెంచీ మీద కూర్చునేవారు. తిట్టేవారు కాదు, అడిగేవారు కాదు. సాయంత్రం దాకా కూర్చుని లేచి వెళ్ళేవారు. మూడేళ్ళు అలా వచ్చారు. నాలుగో ఏడు రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కునే ధైర్యం నాకు లేకపోయింది. ఆ వారమే బల్ల తీసేశాను. చెవులు వినపడక మానేశానని మీ అందరితో చెప్పాను. చెవులు పోయింది ఆ తర్వాత రెండేళ్ళకు.

ఇప్పుడు నువ్వు రాయి. నీకు ఏం తెలుసు? ఎప్పటి నుంచి తెలుసు?

అత్తయ్య.


రాజమండ్రి,
జూలై 9.

అత్తయ్యా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. రోజూ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకు తిరిగాను.

నువ్వు రాసినట్టే పోతురాజును కలిశాను. ఏప్రిల్ 15న. మొదట తప్పించుకున్నాడు. అదే రోజు రెండోసారి వెళ్తే గొర్రెలను వదిలేసి వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు. "అదంతా గ్రావెల్ తవ్విన గొయ్యండి" అన్నాడు. "ముప్ఫై అడుగుల లోతు. మా అన్నయ్య గేదె పడిపోతే పైకి తియ్యలేకపోయాం. ఆరేళ్ళ కిందట లారీలతో చెత్త తెచ్చి పోశారు. పైన నాలుగడుగుల మట్టి కప్పి రోలర్ తిప్పారు. వాన పడితే లోపల్నించి చప్పుడొస్తదండి, బుడబుడమని. మా గొర్రెల్ని నేను తొక్కనివ్వను."

తిన్నగా శ్యాంబాబు గారి గదికి వెళ్ళాను. ఆయన అంతా విన్నారు. కాదనలేదు, అత్తయ్యా. కాదంటారేమోనని ఎదురు చూశాను. కాఫీ తెప్పించారు. "ఇంజినీరు సర్టిఫికెట్ ఉందండి. చిన్న ఇళ్ళకు ఏం కాదు" అన్నారు. తర్వాత నా పుస్తకం తెరిచి పేజీలు తిప్పుతూ అన్నారు. "తొమ్మిది మందితో మీరు మాట్లాడారు. ఎవరికి ఏం చెప్పారో మీ చేతిరాతతోనే ఉంది. ఇందులో నా మాట ఎక్కడైనా ఉందాండి? రేపు ఏదైనా అయితే వాళ్ళకు గుర్తొచ్చేది మీ ముఖమే. కాబట్టి ఏమీ కాదనే అనుకుందాం. పాజిటివ్‌గా ఉందాం."

బుల్లియ్య గారి రిజిస్ట్రేషన్ 24న. మధ్యలో తొమ్మిది రోజులు. రోజూ ఆయన ఫోన్ చేశారు. రోజూ నేను తిరిగి చేశాను. ఆయన అడిగినవన్నిటికీ జవాబు చెప్పాను. నేల గురించి ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. 24న సాక్షి సంతకం కూడా నేనే పెట్టాను.

నిన్న మొదటి పెద్ద వాన. వెళ్ళాను. శ్లాబు వేసేశారు. వెనక వంటింటి గోడలో కిటికీ మూల నుంచి కింది దాకా సన్నని పగులు. వెంకటదుర్గ గారు దాని మీద పసుపు రాసి బొట్లు పెట్టారు. "కొత్తిల్లు కదమ్మా, ఒళ్ళు విరుచుకుంటోంది" అన్నారు.

ఏం చెయ్యాలో తెలియడం లేదు.

ఉమ.


పాలకొల్లు,
జూలై 12.

ఉమా,

తెలుసు నీకు. ఈ ఉత్తరం చదివిన రోజే వెళ్ళు. వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పు, తొమ్మిది రోజుల సంగతితో సహా. తర్వాత మిగతా ఎనిమిది మందికి చెప్పు.

పగులు మీద అడ్డంగా సన్నని కాగితం ముక్క అతికించి తారీఖు వెయ్యి. కాగితం చిరిగితే గోడ ఇంకా కదులుతున్నట్టు.

అత్తయ్య.


రాజమండ్రి,
జూలై 24.

అత్తయ్యా,

చెప్పాను. అన్నీ చెప్పాను. ఆయన నమ్మలేదు.

వెంకటదుర్గ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన మాత్రం నవ్వారు. "మీకు ఎవరో లేనిపోని భయం పెట్టారమ్మా. మురుగు కాలవ ఉందని స్థలం వద్దన్న మనిషి మీరు. గొయ్యి ఉంటే చెప్పకుండా ఉంటారా?" అన్నారు. "చెప్పలేదండి. తెలిసే చెప్పలేదు" అన్నాను. మూడుసార్లు అన్నాను. "పడవ నడిపినవాణ్ణి, నాకు తెలీదా ఏది మునుగుతుందో" అని నాకే ధైర్యం చెప్పి, మజ్జిగ ఇచ్చి పంపారు. కూతురికి ఫోన్ చేశాను. డ్యూటీలో ఉంది, నాన్నతో మాట్లాడతానంది. మాట్లాడింది కూడా. గృహప్రవేశం ముహూర్తం మార్చేది లేదన్నారట.

చివరికి ఒక్కదానికి ఒప్పుకున్నారు. వెనక వైపు పడుకోకుండా ముందు గదిలో పడుకుంటారు. వంటకు ముందు వైపు రేకుల పంచ దించుకుంటారు. "మీ తృప్తి కోసమండి" అన్నారు.

మిగతా ఎనిమిది మందిలో ఐదుగురు ఇల్లు మొదలుపెట్టలేదు, ఇక కట్టేది లేదన్నారు. ఇద్దరు ఫోన్ పెట్టేశారు. ఒకాయన నన్ను నోటికొచ్చినట్టు తిట్టారు. ఆయన తిడుతుంటేనే నాకు కొంచెం ఊపిరి ఆడింది.

మర్నాడు శ్యాంబాబు గారు మా ఇంటికి వచ్చారు. ఎప్పుడూ రాలేదు. రెండు డజన్లు అరటిపళ్ళు, స్వీటు ప్యాకెట్టు. అమ్మతో అరగంట కబుర్లు చెప్పారు. నాన్న ఫోటోకు దణ్ణం పెట్టారు. వెళ్తూ గుమ్మంలో ఆగి అమ్మతోనే అన్నారు. "మీ అమ్మాయి ఒక్కతే ఆ కోరుకొండ రోడ్డులో తిరుగుతోందండి. వానలు. లారీలు చూసుకోవు. స్కూటీ బ్రేకులు ఒకసారి చూపించమనండి." అమ్మ మురిసిపోయింది, ఎంత శ్రద్ధో చూడు అని.

స్కూటీ ఆఫీసు ముందు పెట్టి తాళం బల్ల మీద ఉంచి వచ్చేశాను. ఇప్పుడు బస్సులో వెళ్తున్నాను.

కాగితం అతికించాను. జూలై 16 అని రాశాను. 19న చూస్తే చిరిగి ఉంది.

ఉమ.


పాలకొల్లు,
ఆగస్టు 3.

ఉమా,

మీ అమ్మను నా దగ్గరకు పంపించు. నాకు వంట చేసే ఓపిక లేదని చెప్పు, వస్తుంది.

జరిగినదంతా తారీఖులతో ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకో. నీకు అనుకూలంగా ఒక్క మాట కూడా కలపకు. మరో ప్రతి నాకు పంపు.

బుల్లియ్య గారి దగ్గరకు వెళ్ళడం మానకు. విసుక్కున్నా వెళ్ళు.

అత్తయ్య.


రాజమండ్రి, ఆస్పత్రి,
సెప్టెంబరు 6.

అత్తయ్యా,

మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. మొన్న గురువారం పొద్దున పదింటికి నేను అక్కడే ఉన్నాను. కొత్త కాగితం కూడా చిరిగిందని చూపిస్తున్నాను. బుల్లియ్య గారు పంచలో కూర్చుని టీ తాగుతున్నారు. పోతురాజు చెప్పిన చప్పుడు వినపడింది. బుడబుడమని, పెద్ద అండాలో నీళ్ళు మరుగుతున్నట్టు. వెంకటదుర్గ గారు లేచారు. "దీపం వెలుగుతోందండి, ఎత్తుకొస్తాను" అని లోపలికి పరుగెత్తారు. దేవుడి గూడు వంటింట్లో ఉంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. జారిపోయింది.

వంటింటి నేల మధ్యలో ముందు కుంగింది. గోడ లోపలికి వాలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు, అత్తయ్యా. మెల్లగా కూర్చున్నట్టు కూర్చుంది. ఆవిడ గుమ్మం మీద ఉన్నారు కాబట్టి నడుము దాకానే దిగబడిపోయారు. పోతురాజు పొలం నుంచి పరుగెత్తుకొచ్చి తాడు వేశాడు. బుల్లియ్య గారు బోర్లా పడుకుని ఆవిణ్ణి లాగారు. ఎడమ కాలు రెండు చోట్ల విరిగింది. తుంటి ఎముక కూడా. ప్రాణానికి భయం లేదన్నారు. నడవడం సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు.

మధ్యాహ్నానికి ఇల్లంతా వెనక్కి ఒరిగింది.

పోలీసు స్టేషన్‌కు వెళ్ళి, నువ్వు రాయించిన కాగితం ఇచ్చాను. ఎస్సై గారు రెండుసార్లు చదివి, "మీ మీద మీరే రాసుకున్నారేంటండి? తెలియదని రాస్తే సరిపోను కదా" అన్నారు. తెలుసు కదండీ అన్నాను. కేసు రాశారు. శ్యాంబాబు గారితో పాటు నా పేరూ ఉంది. ఆయన ఆఫీసుకు తాళం. ఫోన్ మోగదు. కానీ నిన్న ఆస్పత్రి గేటు దగ్గర ఒకతను నా దగ్గరకు వచ్చి, "అమ్మగారు పాలకొల్లులో కులాసాగా ఉన్నారాండి?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు. తలుపులు వేసుకోండి. ఎవరొచ్చినా అమ్మనే మాట్లాడమను, నీకు వినపడదు.

ఇందాక ఈ వరండాలో బుల్లియ్య గారు నా పక్కన వచ్చి కూర్చున్నారు. రెండు రోజుల నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. తిడతారని సిద్ధంగా ఉన్నాను. చాలాసేపు తన అరచేతులు చూసుకున్నారు, తాడు కోసుకుపోయి కట్లు కట్టి ఉన్నాయి.

"ఇంటికి తీసుకెళ్ళాలి కదండి, డిశ్చార్జి చేశాక" అన్నారు. "మా అమ్మాయిది ఒంటి గది. మాకో అద్దె ఇల్లు చూసిపెట్టండి. కింద పోర్షను అయితే బాగుండు."

"నేను ఇక ఎవరికీ ఏమీ చూపించనండి" అన్నాను.

"అలాగంటే ఎలాగండి? ఈ ఊళ్ళో మాకు తెలిసింది మీరొక్కరే కదా" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. వెతికాను, లేదు.

అంతలో లోపల్నించి పిలిచారు. ఆయన లేస్తూ, చేతిలోని ఎక్స్‌రే కవరు నాకిచ్చి, "మీ దగ్గర ఉంచండమ్మా, నేను ఎక్కడైనా పారేసుకుంటాను" అని వెళ్ళిపోయారు. అది ఒళ్ళో పెట్టుకుని, దాని మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆయన ఇంకా బయటకు రాలేదు.

ఉమ.